గట్టెక్కినవాళ్లే గట్టు చూపాలి

(తాగుడు, మనోవేదన అంశంపై జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పంటల బీమా గురించి, హంద్రీ-నీవా నీళ్ల గురించి, చీనీ ధరల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మాట్లాడబోయేది తాగుడు గురించి, మనోవేదన గురించి, వాటిలో కూరుకుపోయి మళ్లీ లేచి నిలబడినవాళ్ల గురించి. ఈ మాట ఎత్తగానే మన సంఘాల్లో ఒక ప్రశ్న వస్తుంది. "రైతుకు జబ్బేమీ లేదు, అప్పే జబ్బు. గిట్టుబాటు ధర ఇస్తే మనసు అదే కుదుటపడుతుంది. ధర అడిగితే కౌన్సెలింగ్ ఇస్తామనడం ప్రభుత్వాలు తప్పించుకునే ఎత్తు కదా?"

ప్రశ్న న్యాయమైనదే. వాన ముఖం చాటేసి, బోరు ఎండి, మద్దతు ధర అందక వచ్చిన దిగులుకు మాత్రలే మందని ఎవరన్నా అంటే మనం ఒప్పుకోం. అయితే ధర వచ్చేదాకా, బీమా పడేదాకా మనిషి బతికుండాలి. బీమా సొమ్ము పడిన రోజు అది బ్రాందీ షాపు దాటి ఇంటికి చేరాలి. ఈ రెండు పనులూ ధర్నాతో అయ్యేవి కావు. వీటికి పక్కన కూర్చునే మనిషి కావాలి.

డాక్టరు తప్పకుండా కావాలి. కానీ జిల్లా ఆస్పత్రి డాక్టరు మన ఊరి రచ్చకట్ట మీదికి వచ్చి కూర్చోలేడు. వచ్చినా మనోళ్లు నోరు విప్పరు. తాగుడు మానేసి నాలుగేళ్లుగా సేద్యం చేసుకుంటున్న పక్కూరి చిన్నాయన వచ్చి కూర్చుంటే మాత్రం మాట బయటికొస్తుంది. అందుకే మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ బాధ పడి గట్టెక్కినవాళ్లను సలహాదారులుగా పెట్టుకోవాలి. ఏడాదికోసారి వేదిక ఎక్కించి, శాలువా కప్పి, కథ చెప్పించుకుని పంపేస్తే సరిపోదు. శిక్షణ, వేతనం, గుర్తింపు ఇచ్చి పనిలో నిలబెట్టాలి.

'కడుపునొప్పి' అని రాసిన జిల్లా

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని నేల మనది. ఆ వాన కూడా వేళకు రాదు. జూన్, జూలైలో పదునైతే శెనక్కాయ ఎత్తుతాం. ఊడలు దిగే వేళకు మబ్బు మాయమవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైంది, కానీ అనంతపురం వైపైనా, శ్రీ సత్యసాయి వైపైనా ఈ బాధ ఒకటే.

1990ల చివరి నుంచి ఈ జిల్లాలో రైతులు పిట్టల్లా రాలిపోతుంటే పోలీసు రికార్డుల్లో చాలా చావులకు "కడుపునొప్పి తాళలేక" అనే కారణం పడింది. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2001లో ఈ సంగతి దేశానికి చెప్పారు. అప్పు, ఎండిన బోరు, పెళ్లికావాల్సిన బిడ్డ, అప్పులవాడు నలుగురిలో అన్న మాట, ఆ మాట మరవడానికి పట్టిన సీసా, అన్నీ కలిసి ఒక్క 'కడుపునొప్పి' అయిపోయాయి. మన ఉద్యమాల ఒత్తిడితో 2004 జూన్‌లో జీఓ 421 వచ్చింది. ఆ తర్వాత రికార్డులో 'అప్పు' అనే మాటకు చోటు దొరికింది.

ఇప్పటికీ లెక్క పూర్తిగా తేలదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో సేద్యం మీద బతికే 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 5,207 మంది రైతులు, 6,083 మంది వ్యవసాయ కూలీలు. మన రాష్ట్రం లెక్క 917. పొలంలో మగాడితో సమానంగా పనిచేసిన మహిళ ఇందులో 'గృహిణి' కింద పోతుంది. బెంగళూరుకు వలసపోయి అక్కడ పోయిన సన్నకారు రైతు 'దినకూలీ' కింద పోతాడు.

లెక్కల్లో ఎప్పటికీ పడనిది ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం మనిషి మనసులో ఏం జరిగిందన్నది. అది చెప్పగలిగినవాళ్లు ఒక్కరే, ఆ అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు. వాళ్లు చెప్పేది, పరిశోధనలు చెప్పేది ఒకే దిక్కుకు చూపిస్తాయి. చావాలన్న తెగింపు చాలామందిలో ఒక ఉధృతిలా వస్తుంది, కొంతసేపు నిలుస్తుంది, తగ్గుతుంది. ఆ కొంతసేపు పక్కన మనిషి ఉండి, పురుగుమందు చేతికందకుండా ఉంటే ఆ గడియ దాటిపోతుంది. ఒకసారి బతికి బయటపడినవాళ్లలో అత్యధికులు ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. శ్రీలంక ప్రభుత్వం విషం ఎక్కువగా ఉన్న పురుగుమందులను ఒక్కొక్కటే నిషేధిస్తూ వచ్చింది. 1990ల నడుమ నుంచి ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. మందు డబ్బా ఇంట్లో పెట్టుకోవద్దు, పెట్టాల్సివస్తే తాళం వేసి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచమన్న సలహా చిన్నగా కనబడుతుంది. గట్టెక్కినవాళ్లు చెప్తే దాని బరువు తెలుస్తుంది.

షాపు మూసినా, తెరిచినా

తాగుడు విషయంలో తెలుగునాట పెద్ద పోరాటం చేసింది మహిళలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు 1990ల మొదట్లో సారాయి అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఇంటింటికీ చేరింది. 1993లో సారాయి ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే, 1997లో, అది సడలిపోయింది. బాధపడినవాళ్లే ముందు నిలబడి రాష్ట్రాన్ని కదిలించిన పోరాటం అది. మన అంశానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అయితే నిషేధం షాపు తలుపు మీద పనిచేస్తుంది. వణికే చేతి మీద పనిచేయదు. షాపు తాళం ప్రభుత్వం చేతిలో ఉంది. ఒకరు వేస్తారు, ఇంకొకరు తీస్తారు. 2024 అక్టోబరు 16 నుంచి కొత్త విధానం కింద రాష్ట్రంలో 3,396 ప్రైవేటు షాపులు వచ్చాయి, 99 రూపాయలకు క్వార్టరు వచ్చింది. బెల్టు షాపుల మీద మన పోరాటం ఆగేది కాదు. షాపు తెరిచి ఉన్నప్పుడు కూడా మనిషిని నిలబెట్టే పని దానితోపాటే సాగాలి.

ఆ పని ఎంత మిగిలుందో 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే చెప్పింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందిలో ఒక్కరు. మిగిలినవాళ్లు ఏం చేస్తున్నారు? మన ఊళ్లలో అది అందరికీ తెలుసు. దేవుడి ముందు ఒట్టు వేస్తారు. మాల వేస్తారు.

మన జిల్లా బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడి ఉంది. తాగుడు మానాలని మాల వేసుకునేందుకు అక్కడికి జనం వస్తారు. ఇక అయ్యప్ప మాల సంగతి చెప్పక్కర్లేదు. నమ్మకం ఎవరిది వారికి. సంఘంగా మనం అక్కడ గమనించాల్సింది ఉంది. మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టనివాళ్లు మన ఊరూరా ఉన్నారు. ఎలా సాధ్యమైంది? తెల్లారుజామున స్నానం, వేళకు తిండి, సాయంత్రం తాగే జట్టు బదులు భజన చేసే జట్టు. నిన్నటిదాకా 'తాగుబోతు నాయాలు' అని పిలిచిన ఊరు ఈరోజు 'స్వామీ' అని పిలుస్తుంది. దినచర్య, తోడు, మర్యాద, ఈ మూడూ దొరికితే మనిషి నిలబడగలడని మన పల్లె ఎప్పుడో కనిపెట్టింది.

చిక్కల్లా 42వ రోజుది. మాల తీసిన సాయంత్రం పాత జట్టు ఎదురొస్తుంది. ఆ సాయంత్రం ఏం చేయాలో డాక్టరు పుస్తకంలో ఉండకపోవచ్చు. మాల తీసి కూడా మళ్లీ తాగకుండా నిలబడినవాడికి మాత్రం తెలుసు. ఊరి దేవరకు ఎట్లా తట్టుకోవాలి, పీర్ల పండక్కి ఎవరింట్లో ఉండాలి, పంచాయతీ ఎన్నికల్లో పంచే సీసాను ఎట్లా తిప్పి పంపాలి, శెనక్కాయ అమ్మిన రోజు డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి, బోరు ఎండిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ అతని దగ్గరున్న చదువు.

ఇద్దరు మనుషుల మాటతో

ఈ చదువును ఒక పద్ధతిగా మార్చినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిశారు. ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే. పని మీద ఆ ఊరొచ్చి బేరం చెడిన వ్యాపారికి మళ్లీ తాగాలనిపించింది. తాగకుండా ఉండటానికి తనలాంటి ఇంకొక తాగుబోతుతో మాట్లాడాలని వెతికాడు. అలా దొరికినవాడు ఆ డాక్టరు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, అక్కడ పుట్టింది. ఎదుటివాడికి సాయం చేస్తే తాను కూడా నిలబడతానన్నది దాని మూలసూత్రం. ఫీజు లేదు, పేర్లు బయటికి రావు. 1957 నుంచి మన దేశంలో ఉంది, తెలుగులోనూ సమావేశాలు నడుస్తున్నాయి. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ వేరే ఉంది.

మద్రాసులో శాంతి రంగనాథన్ 1980లో టీటీ రంగనాథన్ పేరిట ఒక చికిత్సా సంస్థ పెట్టారు. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న మహిళ ఆమె. ఆమె అనుభవం ఒక ఆస్పత్రి అయింది. ఆ సంస్థ కావేరీ డెల్టాలోని మంజక్కుడి లాంటి పల్లెలకు వెళ్లి అక్కడే శిబిరాలు పెట్టింది. నెలల తరబడి ఊరు వదిలి పట్నంలో చేరలేని కూలీ కోసం వైద్యమే ఊరికి పోయింది. శిబిరం ఎత్తేసిన తర్వాత కూడా మానినవాళ్లను వదలకుండా చూసుకోవడం ఆ పద్ధతిలో ముఖ్యమైన భాగం.

మహారాష్ట్ర అమరావతి జిల్లా, విదర్భ పత్తి నేల, మనలాంటి చోటే. అక్కడ 30 ఊళ్లలో 'విశ్రామ్' అనే కార్యక్రమం జరిగింది. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. కుంగుబాటుతో ఉన్నవాళ్లలో వైద్యం దాకా చేరినవాళ్లు అంతకుముందు నూటికి నలుగురు. కార్యక్రమం తర్వాత 27 మంది. అక్కడ పనిచేసినవాళ్లను ఆ బాధ పడినవాళ్లలోంచే ఎంపిక చేయలేదు, వాళ్లు స్థానికులు. స్థానికుడి మాటకే ఇంత ఫలితముంటే, స్థానికుడై అదే బాధ దాటినవాడి మాటకు ఎంత విలువుంటుందో ఆలోచించండి.

మన రాష్ట్రానికి కూడా ఇది కొత్త విద్య కాదు. 2000లో మొదలైన 'వెలుగు'లో పేదరికం నుంచి పైకొచ్చిన పొదుపు సంఘాల మహిళలే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా వేరే ఊళ్లకు వెళ్లి సంఘాలు నిలబెట్టారు, దానికి గౌరవ వేతనం తీసుకున్నారు. ప్రకృతి సేద్యంలో తన పొలంలో చేసి చూపిన రైతే తోటి రైతుకు పాఠం చెప్తున్నాడు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో కేర్ కోఆర్డినేటర్ ఉద్యోగం ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లకే ఇస్తారు. కేంద్ర సాయంతో నడిచే వ్యసన విముక్తి కేంద్రాల్లో పీర్ ఎడ్యుకేటర్ అని ఒక పోస్టు ఉంది. అది తాగుడో, మత్తో మానినవాళ్ల కోసం పెట్టింది. అంటే సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకుంది. మన మండలాల దాకా తీసుకురావడమే మిగిలింది.

చట్టంలో కుర్చీ ఉంది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి మన కార్యకర్తలు మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి, 115వ సెక్షన్. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అతన్ని శిక్షించకూడదు. అతనికి వైద్యం, పునరావాసం చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. పాత శిక్షాస్మృతిలో ఉన్న 309వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. కేసవుతుందని భయపడి ఇంట్లో దాచుకునే కుటుంబాలకు ఈ మాట చెప్పాలి. ఆస్పత్రి నుంచి పోలీసులకు సమాచారం పోవచ్చు, దాన్ని చూసి భయపడి వైద్యం ఆపకూడదు.

రెండు, 18వ సెక్షన్. దారిద్య్రరేఖకు దిగువనున్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక వైద్యం ఉచితం. మద్యం వల్ల, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తాయి.

మూడోది మన అంశానికి నేరుగా సంబంధించింది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో మానసిక జబ్బు ఉన్నవాళ్ల, లేదా గతంలో ఉండి బాగైనవాళ్ల ప్రతినిధులు ఇద్దరు, సంరక్షకుల తరఫున ఇద్దరు సభ్యులుగా ఉండాలి. జిల్లాల కోసం వేసే సమీక్షా బోర్డుల్లో కూడా ఇలాంటివాళ్లకు స్థానం ఉంది. చట్టం వాళ్లను రోగులుగా మాత్రమే చూడలేదు, నిర్ణయం చేసేవాళ్లుగా చూసింది. ఆ కుర్చీల్లో ఒకదానిలో కరువు ప్రాంతపు రైతు, లేదా రైతు భార్య, కూర్చోవాలని అడిగే హక్కు మనకుంది.

మన పొరుగునే ఉన్న బళ్లారిని కూడా గుర్తుచేయాలి. 1980ల నడుమ బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చి చూశారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. రాయదుర్గం, ఉరవకొండ పక్కనున్న జిల్లాలో పుట్టిన పద్ధతి మన పీహెచ్‌సీల్లో ఎంతవరకు నడుస్తుందో మండల కమిటీలు వెళ్లి అడగాలి.

సలహాదారు చేసే పని, చేయకూడని పని

మొదటిది వినడం. మధ్యలో అడ్డుపడకుండా, నీతులు చెప్పకుండా వినాలి. "చావాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్లు జంకుతారు. అది నిజం కాదు. అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఇంట్లోంచి పురుగుమందు తీయించాలి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

రెండోది, అప్పు కాగితం మీద రాయించడం. బ్యాంకుకెంత, బంగారం మీదెంత, ఎరువుల అంగడికెంత, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందెంత. తలలో ఉన్నప్పుడు అప్పు కొండలా ఉంటుంది. కాగితం మీదికొస్తే ఏది ముందు తీర్చాలో, ఏది రీషెడ్యూలు చేయించాలో, దేనికి సంఘం పోయి మాట్లాడాలో తెలుస్తుంది. 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ నేర్పిన పాఠం ఇదే. ఫోన్ చేసిన రైతును ఓదార్చడంతో ఆగకుండా పాసుపుస్తకం, బ్యాంకు, బీమా సమస్యను అధికారి బల్ల మీదికి తీసుకెళ్లారు. మొదట్లో వచ్చిన ప్రశ్నకు మా జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ బాధ పడినవాడు అప్పును, మనసును ఎప్పుడూ విడదీయడు. వాటిని విడదీసే కౌన్సెలింగ్ మనకు వద్దు, కలిపి చూసే మనిషి కావాలి.

మూడోది, ప్రాణం మీదికి తెచ్చే తప్పులను ఆపడం. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనబడటం, మతి తప్పడం జరగవచ్చు. దీన్ని గాలి సోకిందనుకుని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతే ప్రాణం పోతుంది. ఇలాంటివాళ్లు డాక్టరు చూస్తుండగానే మానాలి. మాల వేసుకునేవాళ్లకూ ఇదే చెప్పాలి. ముందు ఆస్పత్రి, తర్వాత గుడి. ఇంకో సంగతి. భర్తకు తెలియకుండా అన్నంలో, సాంబార్లో కలిపే మాత్రలు, పొడులు అమ్ముతుంటారు. డైసల్ఫిరామ్ లాంటి మందు పడిన మనిషి తెలియక తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. ఆ మందు డాక్టరు రాయాలి, వేసుకునే మనిషికి తెలిసి వేసుకోవాలి. అక్కలకు ఈ మాట చెప్పాల్సింది ఆ బాధ పడిన అక్కే.

నాలుగోది, పెద్దదిక్కు పోయిన ఇల్లు. మొదటి పది పదిహేను రోజుల్లో ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పుల కాగితాలు, కౌలు రైతైతే సాగు హక్కు కార్డు, ఇవన్నీ ఏడుపుల మధ్యే సమకూర్చుకోవాలి. మండలంలో తహశీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారణకు వస్తారు. ఆ తర్వాత డివిజన్ కమిటీ. 'తాగి చచ్చాడు' అన్న ఒక్క మాట ఫైలులో పడితే పరిహారం ఆగిపోతుంది. ఎందుకు తాగాడన్నది ఎవరూ రాయరు. అందుకే ఇదే దారి నడిచిన మహిళ ఆ ఇంటికి ముందుగా వెళ్లాలి. ఏ కాగితం ఎవరి దగ్గరుంటుందో, ఎవరేం అడుగుతారో ఆమెకు తెలుసు. బొట్టు తీసిన రోజు ఊరు ఎలా చూస్తుందో కూడా ఆమెకు తెలుసు.

చేయకూడనివి కూడా స్పష్టంగా ఉండాలి. మందు పేరు చెప్పకూడదు, డాక్టరిచ్చిన మందు ఆపమనకూడదు. తాను మానిన దారే అందరికీ దారనకూడదు. ఒకరు గుడితో నిలబడతారు, ఒకరు ఏఏతో, ఒకరు మాత్రలతో, ఒకరు భార్యాబిడ్డల కోసం. విన్నమాట రచ్చకట్ట మీద చెప్పకూడదు.

ఏర్పాటు ఎలా ఉండాలి

మన ఊళ్ల సంగతి మనకు తెలుసు. ఊళ్లో రెండు వర్గాలుంటాయి, పేటకో కులముంటుంది. ఒక వర్గం మనిషికి ఇంకో వర్గం మనిషి గుట్టు చెప్పడు. అందుకే ఒక్కరిని పెడితే పని జరగదు. ఊరికి కనీసం ఇద్దరు ఉండాలి, వేర్వేరు వాడల నుంచి ఉండాలి. అందులో ఒకరు మహిళై తీరాలి. సొంత ఊళ్లో చెప్పుకోలేనివాళ్లకు పక్కూరి సలహాదారు నంబరు ఇవ్వాలి.

తాగుడు విషయంలో సలహా చెప్పేవాళ్లు కనీసం ఏడాదిగా మానినవాళ్లై ఉండాలి. వాళ్లు కూడా జారే ప్రమాదముంది. రోజూ ఇతరుల దుఃఖం వినేవాడికి తన పాత గాయం రేగుతుంది. కాబట్టి ప్రతి సలహాదారుకూ ఇంకొక సలహాదారు తోడుండాలి, నెలకోసారి జిల్లా సైకియాట్రిస్టుతోనో, సైకాలజిస్టుతోనో కూర్చోవాలి. జారితే వెలివేయకూడదు. పని నుంచి కొన్నాళ్లు తప్పించి, వైద్యం చేయించి, కోలుకున్నాక తిరిగి తీసుకోవాలి.

ఇక డబ్బు. "సేవకు డబ్బేమిటి?" అని కొందరు అంటారు. ఉపాధి కూలీ వదులుకుని పక్కూరికి బస్సెక్కి పోయే మనిషికి ఆ రోజు కూలీ ఎవరిస్తారు? డాక్టరు అనుభవానికి జీతముంది, అధికారి అనుభవానికి జీతముంది. రైతు పడిన బాధలోంచి వచ్చిన అనుభవం మాత్రం ఉచితంగా కావాలనడం న్యాయం కాదు. కథ చెప్పాలా వద్దా, ఎంత చెప్పాలి, ఫోటో వేయాలా వద్దా అన్న నిర్ణయం కూడా పూర్తిగా వాళ్లదే.

మన డిమాండ్లు, మన పని

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి ఇవి. ప్రతి మండలంలో అనుభవజ్ఞులైన సలహాదారులను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద తీసుకోవాలి, శిక్షణ, నెలవారీ గౌరవ వేతనం ఇవ్వాలి. ఏరియా ఆస్పత్రుల్లో మద్యం మాన్పించే వైద్యానికి పడకలు, మందులు ఉండాలి. బెల్టు షాపులు తీసేయాలి, మద్యం రాబడిలో కొంత వాటా ఈ వైద్యానికే కేటాయించాలి. చట్టం చెప్పిన ప్రాధికార సంస్థలో, బోర్డుల్లో కరువు జిల్లాల నుంచి అనుభవమున్నవాళ్లను వేయాలి. పరిహారం విచారణలో తాగుడును సాకుగా చూపి దరఖాస్తు తిరగ్గొట్టడం ఆపాలి. గిట్టుబాటు ధర, పంటల బీమా, కౌలు రైతుకు రుణం అనే మన పాత డిమాండ్లకు ఇవి తోడు. వాటికి బదులుగా ఇస్తామంటే ఒప్పుకునేది లేదు.

ప్రభుత్వం కదిలేదాకా మన చేతిలో ఉన్నవి చేద్దాం. వచ్చే మండల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ ఇద్దరి పేర్లు తేవాలి. వాళ్ల ఇష్టం అడిగిన తర్వాతే తేవాలి, పేర్లు మైకులో చదవకూడదు. శెనక్కాయ ఒబ్బిడి రోజుల్లో, వాన తప్పిన ఆగస్టులో, దేవరలప్పుడు ఈ ఇద్దరూ ఏ ఇళ్లకు వెళ్లిరావాలో కమిటీ ముందే కూర్చుని అనుకోవాలి. ప్రయాణపు ఖర్చు సంఘం నిధి నుంచి ఇవ్వాలి.

రెండు నంబర్లు రాసుకోండి, పంచాయతీ గోడ మీద, ఎరువుల అంగడి ముందు రాయించండి. మనోవేదనకు టెలి మానస్ 14416. మద్యం, మత్తు మానాలనుకునేవాళ్లకు 14446. ఈ ఫోన్లకు డబ్బులు పడవు. టెలి మానస్ రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ సభలో కూర్చున్నవాళ్లలో ఎవరికైనా ఈ మధ్య బతుకు బరువుగా ఉంటే, వాళ్లకు కూడా ఈ నంబర్లు చెప్తున్నాం. సమావేశం అయ్యాక మాతో మాట్లాడాలనుకున్నా, వేదిక వెనక చెట్టు కింద ఉంటాం. పేరు అడగం.